ఎడమ చెప్పులో రాయి

ప్రచారం ఆఖరి రోజు. ఆటో వచ్చేలోగా రెబెక్కమ్మ చేయాల్సిన పనులు ఇవి: భర్త మిలిటరీ చొక్కాకు గంజి పెట్టి ఇస్త్రీ చేయాలి. జేబు మీద ఊడిపోతున్న గుడ్డముక్కను మళ్లీ కుట్టాలి. దాని కింద ‘బల్బీర్ సింగ్’ అన్న పేరుంది. పతకాలను చింతపండుతో తోమి, వెనక్కి తిప్పి గుచ్చాలి. అవి ఆమె హైస్కూల్లో పరుగుపందెంలో గెలుచుకున్నవి. మీసాలకు రంగు వేయాలి. ఎడమ చెప్పులో గులకరాయి వేయాలి, ఆయన కుంటడం మర్చిపోకుండా.

సంజీవరావు వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాదులో, కంటోన్మెంటు గేటు ఎదురుగా ఒక దర్జీ కొట్లో పనిచేశాడు. సైన్యంతో ఆయనకున్న సంబంధం అంతే. ఆ బల్బీర్ సింగ్ ఎవరో కొలతలిచ్చి, కుట్టాక తీసుకెళ్లడానికి రానేలేదు.

"ఇదంతా ఎందుకయ్యా? నీళ్ల సంగతి చెబితే చాలదా?" అంది రెబెక్కమ్మ, మీసం అంచున బ్రష్షు ఆపి.

"నీళ్లకి ఎవురన్నా ఓటేస్తారా మే? అవతల పోలేరయ్య నేవీలో చేసినానని మైకులో అరస్తా ఉంటే!"

అదీ నిజమే. పోలేరయ్య ఎప్పుడో ఒక నేవీ పడవకు డీజిల్ డబ్బాలు మోశాడు. ఇప్పుడు తెల్ల దుస్తులేసుకుని ఓపెన్ జీపులో తిరుగుతున్నాడు. వెనకాల ఆయన భార్య గంగాభవాని టోపీ పట్టుకుని నిలబడుతోంది.

సముద్రం ఒడ్డునున్న ఆ పాళెంలో ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్లే. ఏడాదిగా అర్జీలు పట్టుకుని బోగోలు మండలాఫీసు చుట్టూ తిరిగింది రెబెక్కమ్మే. సర్పంచి పదవి ఇంటికొస్తే మంచినీళ్ల ట్యాంకు కట్టించొచ్చు. ఓడితే మళ్లీ ఐదేళ్లు క్యాన్లు కొనుక్కోవడమే. అందుకే మీసం రంగు పూర్తిచేసి, నున్నటి రాయి కోసం వాకిట్లో వెతికింది.

ఆటో మీద ఫ్లెక్సీ నిండా సంజీవరావే, సెల్యూట్ చేస్తూ. మూల మిగిలిన కాస్త చోటులో స్టాంపంత రెబెక్కమ్మ. గుర్తు కత్తెర. గుర్తులు పంచేరోజు ఆయన "తుపాకి లేదా సార్?" అని అధికారిని రెండుసార్లు అడిగాడు.

చర్చి వీధిలో సంజీవరావు జవాను. బస్టాపు దగ్గరికి వచ్చేసరికి సుబేదారు అయ్యాడు. దండలు పడేకొద్దీ హోదా పెరిగింది. వలలు బాగుచేసే పాక చేరేసరికి మేజరు. రెబెక్కమ్మ మంచినీళ్ల బాటిలు పట్టుకుని, దండలు మోస్తూ వెనకాల నడిచింది.

"కార్గిల్ కొండ మీద, గడ్డకట్టే మంచులో, దేశం కోసం ఇదిగో ఇక్కడ తగిలింది తూటా!" అని సంజీవరావు మైకులో అరిచి, ప్యాంటు పైకి లాగాడు.

వల ముడి వేస్తున్న చెంచమ్మ కళ్లు చికిలించి చూసింది. వయసులో పెద్దది. పాళెంలో ఆమె మాటకు విలువెక్కువ.

"అది టేకుచేప తోకముల్లు గుచ్చిన మచ్చ గదా నాయనా?" అంటూ చీర అంచు కాస్త ఎత్తి తన పిక్క చూపించింది. అచ్చం అదే మచ్చ. "అయితే నేనూ కార్గిల్ పోయొచ్చినట్టే!"

పక్కనే ఉన్న చిన్నపోలయ్య లుంగీ ఎగ్గట్టాడు. "నాకు రెండున్నాయక్కా. నేను మేజరు కంటే పెద్దోణ్ణి!"

పాకంతా ఘొల్లుమంది. వాళ్లలో టేకు ముల్లు తినని కాలు ఒక్కటి లేదు.

"అది సరే. మచ్చ కుడికాలికుంటే ఎడమకాలు కుంటతావేంది?" అంది చెంచమ్మ.

సంజీవరావు రెండు కాళ్లూ మార్చి మార్చి చూసుకున్నాడు. రంగు కలిసిన చెమట మీసం మీదనుంచి గడ్డం దాకా కారింది. మైకు భార్య చేతిలో పెట్టి, బాటిలు లాక్కుని గటగటా తాగాడు. ఇన్నాళ్ల ప్రచారంలో మైకు రెబెక్కమ్మ చేతికి రావడం అదే మొదటిసారి.

"నువ్వే చెప్పు మే," అంది చెంచమ్మ, నవ్వు ఆపి. "ఇన్ని కోతలు కోసేవోడికి ఓటెట్టా ఏసేది?"

రెబెక్కమ్మ వంగింది. భర్త ఎడమ చెప్పులోంచి గులకరాయి తీసి సముద్రం వైపు విసిరింది. మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"ఆయన కార్గిల్ పోయినాడో లేదో మర్చిపోండక్కా, ఆడోళ్లకిచ్చిన ఈ సర్పంచి సీటుకి కత్తెర గుర్తు మీద నిలబడుండేది ఆయన కాదు, నేను, రెబెక్కమ్మని, అదొక్కటి గుర్తుపెట్టుకోండి!"