జోయల్ సంతకం

పొద్దున ఇవ్వడం మరిచిన మాత్ర వేద్దామని మధ్యాహ్నం వచ్చిన మహిమకు డే కేర్ సెంటర్‌లో తండ్రి కుర్చీ ఖాళీగా కనిపించింది.

టీవీ దగ్గర లేడు. బాత్రూములో లేడు. మంచాల గదిలోనూ లేడు.

"మేడం, మా బాపు ఏడి?"

ఇన్‌చార్జి మమతారాణి పెద్దవాళ్లకు పప్పు వడ్డిస్తూ తాపీగా తలెత్తింది. "మీ తమ్ముడు తీస్కపోయిండు గదా."

"ఏ తమ్ముడు?"

"జోయల్. నెల రోజుల సంది గీ టైముకే వస్తుండు. సంతకం గూడ పెడ్తుండు, చూడుండ్రి."

రిజిస్టరులో ప్రతి రోజూ అదే కోడిగీతల సంతకం. పక్కన 'కొడుకు' అని రాసి ఉంది.

జోయల్ ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లు గుమాస్తా. మహిమ వెంటనే ఫోన్ చేసింది.

"నేనా? పత్తి సీజన్ల అన్నం తినతందుకే టైం దొర్కుత లేదక్కా! ఈస్టర్ సంది కరీంనగర్ మొఖమే చూడలే."

"నీ పేరు చెప్పి ఎవడో బాపును తీస్కపోతుండు రా!"

మిల్లు మోత మధ్య జోయల్ అరిచాడు. "అక్కా, మన ఇంటి జాగా! కాగితాల మీద సంతకం పెట్టిచ్చుకుంటుండేమో. జల్ది ఉర్కు!"

తండ్రి సాల్మన్ ఇప్పుడు ముందు పెట్టిన ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తాడు. నెల నుంచీ ఇంటికొచ్చాక "ఇయ్యాల జోయల్ వచ్చిండు" అంటూనే ఉన్నాడు. మతిమరుపు మాటలని మహిమే కొట్టిపారేసింది.

"ముక్కు మొఖం తెల్వనోనికి మనిషిని ఎట్ల అప్పజెప్తరు మేడం?"

"పెద్దాయనే 'వచ్చినవా జోయల్' అని చెయ్యి పట్టుకుంటే నేనేం జెయ్యాలె? ఇంటోళ్లు ప్రార్థన జెయ్యంది ముద్ద ముట్టడాయె. మేం జేస్తే 'మీరెవరు' అంటడు. గాయిన వచ్చినప్పటి సందే కడుపు నిండ తింటుండు. లోపల గడబిడ, బయట తినిపిస్త అన్నడు, సరే అన్న." మమతారాణి గొంతు కాస్త తగ్గించింది. "మీ సారును జర పిలువరాదుండ్రి?"

"ఆయనా? వచ్చినట్టే! పెండ్లయి పదేండ్లు, మా బాపు గడప తొక్కలే. రెండు నెలల సంది నేను బాపు ఇంట్లనే పడి ఉన్న. ఒక్కనాడు తొంగి చూడలే."

అయినా చేసింది. రింగవుతూనే ఉంది. ఎత్తలేదు.

"చూసిండ్రా మేడం మా సారును!"

ఆఫీసులో ఇచ్చిన గంట పర్మిషన్ అయిపోవచ్చింది. బాపుకు స్నానం, బాపుకు మాత్రలు, బాపుకు కాపలా. ఇప్పుడు దొంగను పట్టుకోవడం కూడా తన నెత్తి మీదే పడింది. మహిమ విసురుగా మెట్లు దిగింది.

గల్లీ చివర బస్ షెల్టర్‌లో సాల్మన్ కూర్చుని ఉన్నాడు. పక్కనే తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టుకున్న మనిషి, ఒళ్లో టిఫిన్ డబ్బా. మహిమ వెనకనుంచి వెళ్లి గోడ చాటున ఆగింది. కాలి చెప్పు చేతిలోకి తీసుకుంది.

గ్రానైట్ లారీల మోతలో ఆ మనిషి గొణుగుడు ఒక్క ముక్క వినపడలేదు. ముప్పై ఏళ్లు చర్చిలో ఉపదేశిగా వాక్యం చెప్పిన సాల్మన్ గొంతు మాత్రం లారీలను దాటుకుని వచ్చింది.

"గట్లనేనా ప్రార్థన? ఆఖరికి 'యేసు నామమున' అనాలె రా! ఉపదేశి కొడుకువై మర్చిపోతవా?"

ఆ మనిషి మళ్లీ తల వంచి ఏదో గొణిగాడు. సాల్మన్ "ఆమెన్" అని నోరు తెరిచాడు.

దొంగ వెధవకు ప్రార్థన కూడా సరిగ్గా రాదు! మహిమ పళ్లు నూరింది.

రెండు ముద్దలు తిన్నాక సాల్మన్ అడిగాడు. "అక్కను చేసుకున్న గా ఓంప్రకాశ్ గాడు ఇంటికి గిట్ల వస్తుండా?"

ఆ మనిషి లేదన్నట్టు తలూపాడు.

"రానియ్యకు. చర్చి మెట్లెక్కనోడు! గా బేవకూఫ్ గాని మొఖం నాకు చూపెట్టకు."

ఆ మనిషి బుద్ధిగా తలూపి ఇంకో ముద్ద కలిపాడు.

మహిమ ఇక ఆగలేదు. చెప్పెత్తి ముందుకు దూకింది. రెండో చేత్తో తువ్వాలు పట్టి గుంజింది. అది ఊడి చేతిలోకొచ్చింది. ఎత్తిన చెప్పు ఎత్తినట్టే ఆగిపోయింది.

ముద్ద పట్టుకున్న చెయ్యి దించకుండానే ఆ మనిషి లోగొంతుకతో బతిమాలాడు.

"అరవకు మహిమా, నేనే. పదేండ్లల మామ నాతోని ఒక్క మాట మాట్లాడలే. ఇప్పుడు రోజూ నా చేతి ముద్ద తింటుండు. నేను అల్లున్నని జర చెప్పకు!"