కొత్త చాపలు

“ఊపిరాడ్డం నేదు బాబూ,” అంటూ పుణ్యవతి చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. “మా పిల్లలు ఈ కంపులో కూకుని సదవాలంటే ఎలాగండి?”

బరంపురం నుంచి వచ్చిన బడుల ఇన్‌స్పెక్టరు అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జేబులోంచి రుమాలు తీశాడు. పుణ్యవతి మొగుడు నరసన్న నాయుడు ఆ ఊరికి పెద్ద. ఆయన అరుగు దిగి, మట్టిలో ఉమ్మి, మళ్లీ పైకి వచ్చాడు. బడి గుమ్మం మాత్రం ముగ్గురిలో ఎవరూ దాటలేదు.

లోపల చీకట్లో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. చిట్టమ్మ ద్వారబంధం పట్టుకుని తలొంచుకుని నిలబడి ఉంది. ఆమెకి ఐదో తరగతి పోయినేడే అయిపోయింది. ఆరో తరగతి ఊళ్లో లేదు. ఎప్పటికైనా వస్తుందని బడి ఊడుస్తూ, చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దిస్తూ కాచుకుని ఉంది. తండ్రి కొండలు, నరసన్న దగ్గర పాలేరు. “ఈ యేడు కూడా తరగతి రాపోతే నాయుడుగోరింట్లో దంపుడికి ఎల్లిపోవాల” అని ముందే చెప్పేశాడు.

“మాస్టారేడీ?” అని ఇన్‌స్పెక్టరు చిట్టమ్మని అడిగాడు.

“రేవుకి...” అంది చిట్టమ్మ.

“రేవులో మొగం కడుక్కుంటన్నాడు గావాల, ఈ కంపు పడనేక,” అంది పుణ్యవతి. నరసన్న పెద్దగా నవ్వాడు.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. “నాయుడుగారూ, ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యాక తెలుగు బడికి కొత్త తరగతి ఇప్పించడం ఎంత కష్టమో మీకు తెలీదు. కాలవ అవతల జాలర్ల బడికి కప్పు లేదు. ఇక్కడ కప్పు ఉంది, పిల్లలు చాలరు. రెండు ఊళ్లూ కలిస్తేనే ఆరో తరగతి. నీలకంఠం మాస్టారు దీనికోసం నా చుట్టూ ఎంత తిరిగాడని. ఇవాళ మొదటి రోజు. ఇవాళే మీరిలా మాట్లాడితే ఏం చెప్పను?”

“ఇవాళే ఇలాగుంటే రేపెలాగుంటాది?” అంది పుణ్యవతి. “తెల్లారి ఆల్లు పడవ దిగారో నేదో, ఈది ఈదంతా గుప్పుమంది.”

“పోయినేడు కాలవ గట్టు కొట్టీసి నా సేలోకి ఉప్పునీరొదిలినోల్లు,” అన్నాడు నరసన్న. “ఆల్ల పిల్లలకి నా ఊరి బడా?”

“వాళ్లే కొట్టారని రుజువైందా?”

“రుజువేటండి? ఆల్లు కాపోతే ఎవులు?”

లోపలి నుంచి ఒక బొంగురు గొంతు మిగతా గొంతులని దాటుకుని వచ్చింది. “పదమూడు నాలుగులు యాభై రెండు.”

“అదిగో, ఇన్నారా?” అంది పుణ్యవతి. “ఆ గొంతు సూడండి. సంద్రం కాడ అరిసి అరిసి అలగైపోయినాది. వలలు నాగీవోల్లకి ఎక్కాలేటి, ఇడ్డూరం కాపోతే.”

చిట్టమ్మ తల ఇంకా కిందికి దించుకుంది. పెదవులు రెండుసార్లు కదిలాయి. “అమ్మగోరూ, ఆల్లు...”

“నువ్వు నోరు ముయ్యే. నీ అయ్య మా గింజలు తింటన్నాడు. నువ్వు ఆల్ల తరపున మాటాడతావా?”



పుణ్యవతి గొంతు మార్చింది. “మద్దినం బోజనం మా ఇంటికాడే బాబూ. సందువ సేప పులుసెట్టించాను. పొద్దున్న పట్టిందే.”

“చందువా?” ఇన్‌స్పెక్టరు చేతిలో రుమాలు కొంచెం కిందికి దిగింది. “మా ఇంట్లో కూడా ఇష్టంగా తింటాం.” ఎక్కడున్నాడో గుర్తొచ్చినట్టు రుమాలు మళ్లీ ముక్కు మీదికి వెళ్లింది. “మీరన్నదీ నిజమే. ఘాటుగానే ఉంది. నాకు కుర్చీలో కూర్చోగానే తెలిసింది.”

“మీరు సదువుకున్నోరు, మీకే తెలిసిపోతంది. మేం సెప్పాలా?” అన్నాడు నరసన్న.

“అయితే మీకు ఈ కలయిక వద్దు. అంతేనా?”

“ఒద్దు. ఆల్ల పక్కన కూకుని నేర్సుకునీ సదువు మాకొద్దు.”

“తరగతి పోతుంది. దిగపహండి వైపు ఇంకో ఊరు అడుగుతోంది, వాళ్లకి ఇచ్చేస్తాను. మళ్లీ మీకు రాదు.”

“పట్టుకుపోనీండి,” అంది పుణ్యవతి. చిట్టమ్మని పైనుంచి కిందికి చూసింది. “మా ఇంట దంపుడికి మనిసి కావాల కూడాను.”

చిట్టమ్మ వెనక్కి తిరిగి లోపలికి చూసింది. తెల్లవారగానే గోడవార తనే పరిచిన కొత్త చాపలు అవి. నీలకంఠం మాస్టారు గంజాం సంతలో కొని నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. జాలరి పిల్లలు మట్టిలో కూర్చోకూడదన్నాడు.

ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచాడు. “సరే. ఆ మాట నేనే వాళ్లకి చెప్పి వెళ్తాను. పాపా, ఆ జాలరి పిల్లల్ని బయటికి పిలు.”

నరసన్న అరుగు దిగి దూరంగా జరిగాడు. పుణ్యవతి చెంగు రెండు మడతలు పెట్టి ముక్కూ నోరూ కప్పుకుంది. ఇన్‌స్పెక్టరు ఊపిరి బిగబట్టాడు.

చిట్టమ్మ కదల్లేదు.

“ఏటే, సెవుడా? పిలవమంటంటే,” అంది పుణ్యవతి చెంగు లోపల్నుంచి.

చిట్టమ్మ ద్వారబంధం వదిలేసింది. ఆ ఉదయం మొదటిసారి తలెత్తి, ఇన్‌స్పెక్టరు మొహంలోకి సూటిగా చూసింది.

“ఆల్ల పడవ ఇంకా రానేదు బాబూ.”