అమ్మ మాటకు ఆధారం

"మా అమ్మ చెప్పిందని రాస్తే సరిపోదా, మేడం?"

"అందరికీ అమ్మలుంటరు. ఎవరి అమ్మ? ఏ ఊరు? ఎప్పుడు చెప్పింది?" అంది కళ్యాణి, కాగితాల మీంచి తల ఎత్తకుండా.

ఇల్లందులో ఒక కాలేజీ లైబ్రరీ అది. కళ్యాణి అక్కడ లైబ్రేరియన్. గణేష్ మణుగూరులో బడిపంతులు. సెలవు దొరికితే చాలు ఇక్కడికొచ్చి, తండాల్లో జరిగే తీజ్ పండుగ మీద థీసిస్ రాసుకుంటున్నాడు. రాయడం బాగానే రాశాడు గానీ, ఏ మాట ఎక్కడిదో చెప్పడం మరిచాడు. గైడు వెంకటరామారావు గారు కాగితాలన్నీ వెనక్కి పంపేశారు. సోమవారంలోగా మూలాలు సరిచేయకపోతే ఈ ఏడాదికి థీసిస్ తీసుకోనని తేల్చి చెప్పారు.

"పుస్తకమైతే రాసినోళ్ళ పేరు, పుస్తకం పేరు, అచ్చేసినోళ్ళు, ఏడాది. పేపరైతే తారీఖు గూడ. వెబ్‌సైటైతే లింకు, దాన్ని మీరు ఎప్పుడు చూసిండ్రో అది. రేపు ఆ పేజీ మాయమైతే ఎవర్ని అడుగుతరు?"

"అవన్నీ ఇప్పుడు సరిచేసి రాసిన మేడం. మరి మనిషైతే?"

కళ్యాణి పెన్ను కింద పెట్టింది.

"మనిషైతే కష్టం. ఇనిషియల్ కుదరదు, ఇంటిపేరు పూర్తిగ ఉండాలె. మీరు అట్ట మీద గూడ 'బి. గణేష్' అని రాసిండ్రు. 'బి' అంటే ఏందో ఎవరికి తెలుస్తది?"

"భూక్యా, మేడం. అమ్మ పేరు భూక్యా రూప్లి."

కళ్యాణి మొహం విప్పారింది. ఒక్కటైనా సరిగ్గా చెప్పానని గణేష్ సంబరపడ్డాడు.

"ఇంకోటి. బయటి మనిషి ఒకరు ఆమె ముందర కూసొని విని, సాక్షి సంతకం పెట్టాలె. చదువుకున్నోళ్ళయితే మంచిది. అది రూల్."

"ఆదివారం పూట మా తండాకు ఎవరొస్తరు?" గణేష్ నీరుగారిపోయాడు. "పోనీ, మీరు రారాదు మేడం?"

"నాకు శానా పనులున్నయి." అంటూనే ముందున్న కాగితాలు సర్ది పక్కన పెట్టింది. "సరే, మీ థీసిస్ ఆగొద్దు గదా."

ఆదివారం రూప్లి జొన్నరొట్టెలు, నాటుకోడి కూర చేసింది. పెళ్ళికాని ఆడపిల్లలే బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్ళెందుకు పోస్తారో కళ్యాణి అడిగింది. రూప్లి ఓపిగ్గా చెప్పింది. ఆ తర్వాత తన ప్రశ్నలు మొదలుపెట్టింది.

తండాలో కొత్త మనిషిని ముందుగా అడిగేది ఇంటిపేరే. అది తెలిస్తే చాలు, ఎవరు అన్నదమ్ములో, ఎవరి పిల్లను చేసుకోవచ్చో తేలిపోతుంది.

"మీ ఇంటిపేరేంది బిడ్డా?"

"బానోతోళ్ళం. ములకలపల్లి దిక్కు మా తండా."

"బానోతోళ్ళా! మాకు వరసైనోళ్ళే." రూప్లి కళ్యాణి కంచంలో ఇంకో రొట్టె వేసింది. "పెండ్లయిందా?"

గణేష్ తల్లికి కళ్ళతో సైగ చేశాడు. ఆమె ఇటు చూస్తే గదా! వంటొచ్చా, అన్నదమ్ములెందరు, ఇంట్ల సంబంధాలు చూస్తుండ్రా అని ఒకటే అడగడం. "మావోడు పొద్దుగాల జల్దీ లేవడు," అని కొడుకు గుట్టు కూడా విప్పింది. మేడంకు కోపమొచ్చి లేచి వెళ్ళిపోతే థీసిస్ గంగలో కలిసినట్టేనని గణేష్ భయం. కళ్యాణి మాత్రం అన్నిటికీ నెమ్మదిగా జవాబు చెప్పింది.

"మా అమ్మ మాటలు మనసుల పెట్టుకోకుండ్రి మేడం," అన్నాడు బండి స్టార్ట్ చేస్తూ. "మీరు సంతకం పెట్టకుంటే నా పని అయిపోతది."

"ఎందుకు పెట్టను? చెప్పేటోళ్ళు ఏం చెప్పినా ఓపిగ్గ వినాలె. రూల్ అంటే రూలే," అని అక్కడే సంతకం పెట్టి ఇచ్చింది. గణేష్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది.

సోమవారం సాయంత్రం వెంకటరామారావు గారే ఫోన్ చేశారు.

"మూలాలన్నీ సరిగ్గా ఉన్నాయోయ్. థీసిస్ తీసుకుంటున్నాను."

"అంతా లైబ్రేరియన్ కళ్యాణి మేడం పుణ్యం సార్!" గణేష్ గంతేసినంత పనిచేశాడు.

"సంతోషం. కానీ మీ అమ్మగారి పేరు పక్కన ఆ లైబ్రేరియన్ సంతకం ఏమిటి?"

"బయటి మనిషి మా ఇంటికొచ్చి, అమ్మతోని కూసొని మాట్లాడాలె గద సార్. రూల్ అని మేడమే చెప్పింది."

అవతల ఆయన పగలబడి నవ్వారు.

"అట్లాంటి రూల్ ఎక్కడా లేదయ్యా!"