అద్దాలా? తలుపులా?

"మీరే చెప్పండి. మా పదో తరగతికి ఈ రెండింట్లో ఏది పెట్టమంటారు?"

టీచరమ్మ రెండు నవలలు తెచ్చి కొత్త మొగుడి ఒళ్లో పెట్టింది. అతను వాటిని కాలే గిన్నెల్లా పట్టుకున్నాడు. పెళ్లికి ముందు మొదటిసారి కలిసినప్పుడు, "పుస్తకాలంటే నాకు ప్రాణమండీ" అని ఓ కోత కోశాడు. ఆ మాటకే ఆమె మొహం వెలిగిపోయింది. అసలు సంగతేమిటంటే, ఈ లిఫ్టుల ఇంజినీరు కాలేజీ వదిలాక ఆసాంతం చదివింది లిఫ్టు గోడకి అంటించే సూచనలు మాత్రమే. అది తెలిస్తే ఆ వెలుగు ఆరిపోతుందని అతని బెంగ.

"రెండూ పాత క్లాసిక్కులే. రాబోయే రోజులు ఎంత ఘోరంగా ఉంటాయో చెప్పి హడలగొట్టే రకం. ఒకదాంట్లో అద్దాలు నిషేధం. ఎవరి మొహం ఎలా ఉందో ప్రభుత్వమే చెబుతుంది. రెండోదాంట్లో ఊరు మొత్తం మీద ఒక్క తలుపుండదు. చదివే ఉంటారుగా?"

"చదవకపోవడమేమిటి! అద్దాలదే పెట్టు. ముగింపు అద్భుతం."

"ముగింపులో అందరూ చచ్చిపోతారండీ!"

"అదే... చాలా బాగా చచ్చిపోతారు."

ఆమె పెదవి కొరుక్కుంది. "నిజమేలెండి. కానీ శుక్రవారంలోగా తేల్చాలి, కారణాలు కూడా చెప్పాలి. ఇంకోసారి తిరగేసి చెప్పరూ? మీ అంతటి చదువరిని ఇంట్లో పెట్టుకుని నేనెవర్ని అడగను?"

పొగడ్తల బుట్టలో పడ్డాక పైకి రావడానికి లిఫ్టుండదు.

మర్నాటి నుంచి అతని సంచిలో స్పానర్ల పక్కన నవలలు చేరాయి. మొదటి పేజీల్ని చేదు మందులా మింగాడు. నాలుగో అధ్యాయంలో టీ చల్లారిపోయింది. ఏడో అధ్యాయంలో, బాగుచేయాల్సిన లిఫ్టు పక్కనే మెట్ల మీద చతికిలబడ్డాడు.

"పెళ్లయి నెల తిరక్కుండానే పుస్తకాల్లో పడ్డావేంట్రా? ఇంట్లో అలకా?" అన్నాడు తోటి ఇంజినీరు.

"ఉష్! ముసలాయన దొంగచాటుగా తలుపు బిగిస్తున్నాడు. పట్టుబడతాడో ఏమో!"

ఇక ఇంట్లో రోజూ యుద్ధమే. ఆమె అద్దాల పక్షం, అతను తలుపుల పక్షం. ఒకనాడు పొయ్యి మీద గిన్నె మాడి మసైనా ఇద్దరికీ పట్టలేదు.

"మీ ముసలాయన భార్య అంత అబద్ధమాడొచ్చా?" అంది ఆమె గరిటె ఝళిపిస్తూ.

"మొగుడి కోసం ఆడింది! ప్రేమ కొద్దీ ఆడిన అబద్ధం అబద్ధమా?"

"కాదంటారా?"

"ముమ్మాటికీ కాదు."

"సరే, మీరన్నారు కాబట్టి గుర్తుంచుకుంటా," అని ఆమె మాడిన గిన్నెలో నీళ్లు పోసింది. "అయినా నా ఓటు అద్దాలకే."

శుక్రవారం అతను సగం రోజు సెలవు పెట్టి బడికే వెళ్లాడు. తలుపుల నవలకి అన్యాయం జరుగుతుంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం అతనివల్ల కాలేదు. వరండాలో అతన్ని చూసి ఆమె బిక్కమొహం వేసింది.

"మీరెందుకొచ్చారు? పదండి, పదండి, ఇంటికెళ్దాం."

"నువ్వుండు. నాకు తెలుసు, నువ్వు అద్దాలదే ఖాయం చేసేస్తావు."

చొక్కా పట్టుకుని ఆమె లాగుతున్నా వినకుండా పెద్ద మేడమ్ గదిలోకి దూసుకెళ్లి, నిలబడే మొదలుపెట్టాడు. మూసుకునే తలుపొకటి లేకపోతే మనిషికి సొంత ఆలోచనంటూ ఉండదన్నాడు. ఆ ముసలాయన్ని కలవకుండా ఏ పిల్లా పదో తరగతి దాటకూడదన్నాడు. చివరికి బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు.

పెద్ద మేడమ్ కళ్లజోడు తీసి అతన్నొకసారి, అతని వెనక చున్నీ చెంగులో నవ్వు దాచుకుంటున్న టీచరమ్మనొకసారి చూసింది.

"ఆ ఎంపిక మీ పెళ్లికి ముందే అయిపోయిందిగా బాబూ!"