కోడలి వైపు గీతలు

ప్రతి ఇంటి ముందుగదిలోనూ జన్యుపటం తెర వేలాడే కాలమది. మనవరాలు ప్రణవి పటంలోని గీతలను వర్ధనమ్మ తనకు నచ్చినట్టు రెండు గుంపులుగా సర్దింది. చురుకుదనం, ఒత్తైన జుట్టు ‘మా వంశం’ కింద పచ్చగా ఉన్నాయి. ఉబ్బసం ఒక్కటీ ‘కోడలి వైపు’ కింద ఎర్రగా మెరుస్తోంది.

ఒకరోజు కోడలు సుభాషిణి తల్లి కూతుర్ని చూడటానికి వచ్చింది. ఆమె కూర్చోకముందే వర్ధనమ్మ తెర చూపించి, “చూశారా వదినగారూ, మీ అమ్మాయి మా పిల్లకిచ్చిన ఆస్తి!” అంది.

తల్లి తల వంచుకోవడం చూసి సుభాషిణికి ఒళ్ళు మండిపోయింది.

“గుంపులన్నీ తీసెయ్. ఏ గీత ఎవరి నుంచి వచ్చిందో చూపించు,” అని తెరకు చెప్పింది.

గీతలు చకచకా చోట్లు మారాయి. ఎర్రగీత వెళ్ళి నేరుగా వర్ధనమ్మ పేరు కింద ఆగింది.

“తీసెయ్యవే దాన్ని!” అని అత్తగారు పళ్ళు కొరికింది.

“ఉండనివ్వండి అత్తయ్యా. మీ వంశమే కదా!”

వర్ధనమ్మ విసురుగా లేచి తెరను గోడవైపు తిప్పేసింది. ఇప్పుడు చుట్టాలెవరైనా అడిగితే, అది పాడైపోయిందని చెబుతోంది.