మేకుల డబ్బా

“నెలలో మూడో పంక్చరు! ఇప్పుడు తెలిసింది దీని సంగతి.” పెదపాడు రైతు కోదండరామయ్య, ఆనంద్ పాల్ సైకిలు షాపులో బల్ల కింద నుంచి డబ్బా లాగాడు. నిండా మేకులే. “రోడ్డు మీద చల్లుతున్నది నువ్వేనన్నమాట!”

ఆనంద్ పాల్ ట్యూబుకి ప్యాచ్ అంటించడం ఆపలేదు. “చల్లేవి కాదండి, ఏరినవి. చేపల లారీల్లో చెక్కపెట్టెల నుంచి ఊడిపడతాయండి. రోజూ పొద్దున్నే అదిగో, ఆ అయస్కాంతం ఈడ్చుకుంటూ మీ ఊరి మలుపు దాకా నడుస్తాను. కొందరు స్టాంపులు దాచుకోరండీ? నాకిదో సరదా.”

పాత రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం, పురికొసతో కొక్కేనికి వేలాడుతోంది.

“పంక్చర్లు వేసుకుని బతికేవాడివి, నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావా? ఎవరికి చెబుతావు కబుర్లు!” కోదండరామయ్య డబ్బా ఎత్తి రోడ్డు మీద బోర్లించాడు.

ఆనంద్ పాల్ అయస్కాంతం అందుకుని రోడ్డు మీదికి దిగాడు.

“ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు! అలాగే ఉండనీ. నీ బాగోతం నలుగురూ చూడాలి.”

ఆనంద్ పాల్ ఆగిపోయాడు. అయస్కాంతాన్ని మళ్లీ కొక్కేనికి తగిలించాడు. అంతలో చేపల లారీ ఒకటి ఆ మేకుల్ని పెదపాడు వైపు దారి పొడవునా చిమ్ముకుంటూ పోయింది.

అతను చక్రం బిగించి, గాలి కొట్టి, సైకిలు కోదండరామయ్య చేతికిచ్చాడు. ట్యూబులు ముంచే బేసిన్‌లో మురికినీళ్లు పారబోసి, కొత్త నీళ్లు నింపాడు.

“మీరూ అటేగా వెళ్లాలండీ? కొట్టు తీసే ఉంచుతాను.”