ఫాదర్ గారి ఈత

"ఇది మీది కాదని ఒక్క మాట చెప్పండి, నమ్మేస్తాను," అంది ఫాదర్ గారి భార్య గరిఫాలియా. వాళ్ళ చర్చిలో ఫాదర్లు పెళ్ళి చేసుకోవచ్చు. ఆమె చేతిలో నల్లటి రబ్బరు ఈత సూటు నీళ్ళోడుతూ వేలాడుతోంది.

ఫాదర్ అనెస్తిస్ గడ్డం నిమురుకున్నాడు. గడ్డం కూడా ఇంకా ఆరలేదు.

"నాదే," అన్నాడు.

"అయ్యో దేవుడా! ముగ్గురు పిల్లల తండ్రి, ఊరి చర్చికి పెద్దదిక్కు, ఈ తోలు తగిలించుకుని జనం ముందు నిలబడతారా? అసలు మీ పొట్ట ఇందులో ఎలా పట్టిందండీ?"

"ఊపిరి బిగబడితే పడుతుంది."

"పరుగన్నారు, సరేనన్నాను. సైకిలన్నారు, అంగీ చైనులో పడి చిరిగితే నోరెత్తకుండా కుట్టిచ్చాను. ఇప్పుడు ఈత కూడానా?"

"మూడూ చేస్తేనే ట్రయథ్లాన్. రెండింటితో సరిపెడితే పడవ రాదు, గరిఫాలియా."

పడవంటే అంబులెన్సు పడవ. దీవిలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రికి చేర్చడానికి ఒకటి కొనాలని, విరాళాల కోసం ఆ వేసవిలో పోటీ పెట్టారు. ఫాదర్ గారు కూడా దిగుతారని తెలియగానే చుట్టుపక్కల దీవుల వాళ్ళంతా చందాలిస్తామన్నారు. కొందరు భక్తి కొద్దీ, ఎక్కువమంది తమాషా చూడ్డానికి. ఆయన తప్పుకున్నాడంటే చందాలూ తప్పుకున్నట్టే.

ఇంతలో ఫోను మోగింది. గరిఫాలియా అందుకుంది. వింటూ వింటూనే కుర్చీలో కూలబడింది.

"బిషప్ గారి ఆఫీసు నుంచి. రేపు మధ్యాహ్నం ఓడకి ఏలినవారే స్వయంగా వస్తున్నారట. మీ ఈత సంగతి మాట్లాడాలట."

"నువ్వుగానీ చెప్పావా?"

"నేనెక్కడ చెప్పాను? ఆ పోటీలో ఈత కూడా ఉందని నాకు తెలిసిందే ఇప్పుడు!"

బిషప్ క్రిసాంథోస్ పేరు వింటేనే ఆ దీవుల్లో ఫాదర్లు నడుం నిటారు చేసుకుంటారు. పెళ్ళి విందులో కాస్త గట్టిగా పాడాడని ఒకాయన్ని మేకలు తప్ప మనుషుల్లేని కొండమీదికి బదిలీ చేసిన మనిషి. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

మర్నాడు, ఫాదర్‌కి శిక్షణ ఇస్తున్న బడి వ్యాయామ టీచరమ్మ ఎవాంథియా రేవులో ఈత సూటుతో ఉన్న ఆయన్ని చూసి హడలిపోయింది.

"ఇంటికెళ్ళి అంగీ తొడుక్కోండి ఫాదర్! ఓడ వచ్చే వేళైంది."

"ఎలాగూ మానెయ్యమంటారు. ఆఖరిసారి ఈదనీ తల్లీ," అంటూ జుట్టు ముడి టోపీలోకి దోపుకుని నీళ్ళలోకి దూకేశాడు.

దూరంగా హద్దు గుర్తుగా తేలుతున్న ఎర్రబుడ్డి దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. రోజూ ఆయాసపడేవాడు. ఆ రోజు ఎందుకో నీళ్ళే మోసుకొచ్చినట్టు తేలిగ్గా ఈదాడు. ఒడ్డు దగ్గర తలెత్తి చూస్తే ఏముంది! రేవు అంచున నల్లటి అంగీ, వెండి కర్ర, కదలకుండా నిలబడ్డ బిషప్ గారు. ఆయన వెనక కాఫీ కొట్టు కుర్చీలన్నీ సముద్రం వైపు తిరిగి ఉన్నాయి.

అనెస్తిస్ మెట్లెక్కి వచ్చి చేతిని ముద్దాడ్డానికి వంగితే గడ్డంలోని నీళ్ళన్నీ ఏలినవారి బూట్ల మీద పడ్డాయి.

"అందరూ వెళ్ళండి," అన్నాడు బిషప్.

రెండోసారి చెప్పించుకోకుండా అందరూ కదిలారు. జనంలో ఉన్న గరిఫాలియా మాత్రం కదల్లేదు.

"శిక్ష వేస్తే ఇద్దరికీ వెయ్యండి ఏలినవారూ," అంది భుజాల మీది శాలువా బిగించుకుని. "మొన్న చలికాలం జాలరి త్రిఫోన్‌కి గుండెనొప్పి వస్తే, పడవ కోసం చూస్తూ ఈయన తెల్లారేదాకా అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. పడవ రాలేదు. తెల్లారాక సమాధి చేసిందీ ఈయనే. అప్పట్నుంచీ సరిగా నిద్రపోడు. నిన్న నేనూ తిట్టాను. ఇవాళ నేనే అడుగుతున్నాను, పోటీలో ఈయన్ని ఈదనివ్వండి."

అనెస్తిస్ భార్య వైపు నోరు తెరుచుకుని చూశాడు.

"నువ్వు కూడా వెళ్ళమ్మా," అన్నాడు బిషప్.

ఆమె కనుచూపు దాటేదాకా ఆగి, ఆయన కర్రతో ఎర్రబుడ్డిని చూపించాడు.

"అక్కడ లోతెంత?"

"నాలుగు నిలువులుంటుంది, ఏలినవారూ."

"కాళ్ళకి ఏమీ తగలదు?"

"తగలదు."

"ముఖం నీళ్ళలో పెట్టావా?"

"పెట్టాను."

"కళ్ళు తెరిచే?"

"తెరిచే." ఏ ప్రశ్న ఏ నేరం కిందికి వస్తుందో అనెస్తిస్‌కి అంతుపట్టడం లేదు. కొండ, మేకలు, మంచు కళ్ళముందు కదులుతున్నాయి.

"భయం వెయ్యలేదూ?"

"దేవుడంటేనా... తమరంటేనా?"

"నీళ్ళంటేనయ్యా!"

బిషప్ అటూ ఇటూ చూసి, మరో అడుగు దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"నీ పోటీ నువ్వు కానియ్యి, దాని గురించి ఎవరడిగారు? ప్రతి జనవరిలో నీళ్ళని దీవించే పండక్కి సిలువని సముద్రంలోకి విసరడానికి పడవ అంచున నిలబడతానా... అప్పుడు నా మోకాళ్ళు ఎలా వణుకుతాయో ఈ అంగీకి తప్ప ఇంకెవరికీ తెలీదు, నాక్కూడా కాస్త ఈత నేర్పవూ?"